రిటైరైన సైనికుడికి ఊళ్లో ఉన్న పని

అన్నలకు, తమ్ముళ్లకు, సభకు వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం.

సిపాయిగానో, హవల్దార్‌గానో బయటికొచ్చిన మనవాళ్లలో చాలామందికి వయసు నలభై చుట్టుపక్కలే. పెన్షన్ ఉంది, ఒంట్లో సత్తువ ఉంది, తెల్లారి లేస్తే ఏం చేయాలో తోచదు. సెక్యూరిటీ ఉద్యోగం దొరికితే చేరండి, తప్పులేదు. కానీ మీ మండలంలో మీరు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది: మాజీ సైనికుల ఇళ్లకు వెళ్లి పెన్షన్ కాగితాలు సరిచూసిపెట్టడం. పార్ట్ టూ ఆర్డరు (సైనికుడి సర్వీసు, కుటుంబ వివరాలను రికార్డులో ఎక్కించే ఉత్తర్వు) అంటే ఏమిటో మీసేవ కుర్రాడికి తెలియదు, బ్యాంకు మేనేజరుకూ తెలియదు. మీకు తెలుసు.

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం లాంటి సైనికుల ఊళ్లో అయితే అడగడానికి పక్కింట్లోనే ఒకరుంటారు. ఒకే ఒక్క ఫౌజీ కుటుంబం ఉన్న ఊళ్లలో ఆ ఆసరా లేదు. మనం ముందు వెళ్లాల్సింది అక్కడికే.

వెళ్లి ఏం చూడాలి? డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), భార్య ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ ఒకచోట పరిచి ఆవిడ పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. డిశ్చార్జి బుక్‌లో "ఎస్. లక్ష్మి", ఆధార్‌లో "సత్తి లక్ష్మీదేవి", పాన్‌లో "లక్ష్మి సత్తి". తేదీ తెలియనప్పుడు ఒకచోట జూలై 1, ఇంకోచోట జనవరి 1 రాసేసి ఉంటారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరి కంటా పడదు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ ఆగేది ఇక్కడే. అప్పుడు సంతకం పెట్టాల్సిన మనిషే ఉండడు. అందుకే నేను పట్టుబట్టి చెబుతున్నాను, ఆయన బతికుండగానే ఇది సరిచేయించండి.

ఏ కాగితాన్ని మార్చాలో తొందరపడి తేల్చకండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే, పేరుకు రెండుసార్లు. ముందు స్కూలు సర్టిఫికెట్ లాంటి గట్టి ఆధారం ఉందా చూడండి. మార్చాల్సింది సైన్యం రికార్డే అయితే అఫిడవిట్, ఆధార్, పీపీఓ, డిశ్చార్జి బుక్ నకళ్లు జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్‌కు, అంటే ఆయన విభాగం సర్వీసు రికార్డులు ఉంచే ఆఫీసుకు, పంపాలి. ఈఎంఈ (వాహనాలు, యంత్రాలు బాగుచేసే విభాగం), ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి అందించే విభాగం) వాళ్లకు రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీ (ఫిరంగి దళం) వాళ్లు నాసిక్‌కు రాయాలి. పార్ట్ టూ ఆర్డరు వచ్చిందని ఊరుకోవద్దు, స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) పేరు మారిందో లేదో తెరిచి చూడాలి. పెన్షన్ ఖాతా ఇద్దరి పేరున ఉంటే ఆవిడ కొత్త ఖాతా తెరవనక్కర్లేదు.

ఇంట్లో శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే ఆ పేరు కూడా తండ్రి ఉండగానే పీపీఓలో ఎక్కించాలి. ఆ పెన్షన్ బిడ్డకు జీవితాంతం వస్తుంది.

ఇక మరణం సంభవించిన ఇంట్లో. 21 రోజుల్లోపు నమోదు చేయించండి. పంచాయతీ కార్యదర్శికి పేరు చెప్పేటప్పుడు ఊళ్లో పిలిచే పేరు కాదు, పీపీఓలో ఉన్న పేరు చెప్పండి. బ్యాంకుకూ, స్పర్శ్‌కూ వెంటనే తెలపాలి. ఆ తర్వాత కూడా ఆయన పేరున పెన్షన్ పడుతూనే ఉంటే ఏటీఎం కార్డుతో తీయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఆ డబ్బు తిరిగి వసూలు చేస్తారు, ఆ భారం మోయాల్సింది ఆవిడే.

ఆవిడకు లెక్క కూడా విప్పి చెప్పాలి. రిటైరయ్యాక ఆయన చనిపోతే, చివరి జీతం లెక్కలో 50 శాతం చొప్పున 7 ఏళ్లు, లేదా ఆయనకు 67 నిండాల్సిన తేదీ వరకు, ఏది ముందైతే అంతవరకు వస్తుంది. తర్వాత 30 శాతం. ఆ నెల డబ్బు తగ్గగానే ఎవరో తినేశారని కంగారుపడతారు, ఏజెంట్ చేతిలో పడతారు. ముందే తేదీ రాసిచ్చి రండి.

పెన్షన్ లేని 65 దాటిన మాజీ సైనికులనూ, అలాంటివాళ్లు చనిపోతే వాళ్ల భార్యలనూ మరవద్దు. హవల్దార్ ర్యాంకు వరకు కేంద్రీయ సైనిక్ బోర్డు పేదరిక సాయం ఇస్తుంది. నెలకు రూ. 4,000 ఉన్నదాన్ని 2025 నవంబరు నుంచి రూ. 8,000 చేశారు.

మీకూ కొన్ని కట్టుబాట్లు కావాలి. ఎవరి స్పర్శ్ ఖాతాలోనూ మీ మొబైల్ నంబరు ఇవ్వకండి. సాయం చేసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. మీ సిమ్ మారిన రోజున ఇరవై ఇళ్ల ఖాతాలకు ఓటీపీలు ఆగిపోతాయి. అసలు డిశ్చార్జి బుక్ మీ ఇంట్లో పెట్టుకోకండి. బస్సు ఛార్జీ కూడా ఆ ఇంటివాళ్ల దగ్గర తీసుకోవద్దు, మన మాజీ సైనికుల సంఘం నుంచి తీసుకోండి.

మొదలుపెట్టడానికి సులువైనది లైఫ్ సర్టిఫికెట్, అంటే పెన్షనర్ బతికే ఉన్నారని ఏటా ఇచ్చే రుజువు. ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) చేయొచ్చు, అరిగిన వేలిముద్రలతో అవస్థ ఉండదు. మంజూరు చేసే అధికారి దగ్గర డిఫెన్స్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్ (రక్షణ శాఖ పెన్షన్ల లెక్కల కార్యాలయం), చెల్లించే సంస్థ దగ్గర స్పర్శ్ ఎంచుకోవాలి. పాత అలవాటుతో బ్యాంకు పేరు ఎంచుకుంటే సర్టిఫికెట్ తయారైనట్టే కనిపిస్తుంది, స్పర్శ్‌కు చేరదు, పెన్షన్ ఆగుతుంది. పీపీఓ నంబరు కూడా 12 అంకెల స్పర్శ్ నంబరే వేయాలి. సాధారణంగా నవంబరు అయినా, 80 నిండినవాళ్లకు అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. మీ మండలంలో అలాంటివాళ్లు ఎవరెవరున్నారో సెప్టెంబరులోనే రాసుకోండి, మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు ముందు వెళ్లండి.