ఒకరికి నాలుగు ప్రశ్నలు, మరొకరికి పన్నెండు: తూకం రాళ్ళ లెక్క

నమస్కారం. అడాప్టివ్ ప్రశ్నావళుల, అంటే ఇచ్చిన జవాబును బట్టి తరువాతి ప్రశ్నను ఎంచుకునే ప్రశ్నావళుల, మాట ఎత్తినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఒకరిని నాలుగే అడిగి, మరొకరిని పన్నెండు అడిగి, ఆ ఇద్దరి స్కోర్లనూ ఎలా పోలుస్తారు?" ఈ సందేహం సహజమే. నన్ను విసిగించేది దాని వెనకే వచ్చే రెండోది: "దీని క్రాన్‌బాక్ ఆల్ఫా ఎంత?" ఆల్ఫా అంటే ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే సంఖ్య. అందరూ ఒకే ప్రశ్నలకు జవాబిచ్చినప్పుడు లెక్కకట్టే ఆ సంఖ్యను, ఒక్కొక్కరికి ఒక్కో వరుస వెళ్ళే చోట అడుగుతున్నారంటే, ఇక్కడ సరిచూడవలసినది ఏమిటో వారికి ఇంకా తెలియలేదన్నమాట.

సంతలో తక్కెడను తలచుకోండి. బెల్లం తూచే మనిషి ముందు కిలో రాయి వేస్తాడు. రాయి వైపు దిగిపోతే దాన్ని తీసి అరకిలో వేస్తాడు, చాలకపోతే పావుకిలో చేరుస్తాడు, ముల్లు నిలిచాక ఆపుతాడు. మీ బెల్లానికి పడిన రాళ్ళూ నా బెల్లానికి పడిన రాళ్ళూ ఒకటి కాకపోయినా మనం తగవు పెట్టుకోము, ఎందుకంటే తూనికలు కొలతల శాఖ వారు ప్రతి రాయినీ ముందే సరిచూసి ముద్ర వేసి ఉంటారు. అడాప్టివ్ ప్రశ్నావళిని వాలిడేట్ చేయడమంటే, అంటే అది కొలవవలసినదాన్నే సరిగా కొలుస్తోందని రుజువు చేయడమంటే, ప్రధానంగా సంచిలోని రాళ్ళన్నిటినీ ఇలా సరిచూడడమే.

నిజమైన సంచినే తీసుకుందాం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల మద్దతుతో 2004లో మొదలై, ఆరోగ్యం గురించి మనుషులు స్వయంగా చెప్పే జవాబులను కొలిచే ప్రామిస్ కార్యక్రమంలో, సామాజిక పాత్రలలోనూ కార్యకలాపాలలోనూ పాల్గొనగల సామర్థ్యాన్ని కొలిచే ఐటమ్ బ్యాంకు, అంటే ప్రశ్నల సంచి, ఒకటి ఉంది. అందులో 35 ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదేసి జవాబులు ఉంటాయి. గణాంక పరిశోధకురాలు సమెజిమా 1969లో ప్రతిపాదించిన గ్రేడెడ్ రెస్పాన్స్ మోడల్‌తో, అంటే మెట్లుగా ఉండే జవాబులను లెక్కించే గణిత నమూనాతో, ఏ ప్రశ్న ఎంత బరువుదో తేల్చారు. మనుషుల జవాబుల నుంచే రాళ్ళ బరువు తేల్చి, అవే రాళ్ళతో మళ్ళీ మనుషులను తూచడం వింతగానే ఉంటుంది. నా తక్కెడ పోలిక తడబడే చోటు అదే. స్కోరు సగటు 50, ప్రామాణిక విచలనం 10 ఉండే టి-స్కోరుగా వస్తుంది. సాధారణ అమరికలో కనీసం 4 ప్రశ్నలు అడుగుతారు. ఆపైన ప్రామాణిక దోషం, అంటే స్కోరు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె, 3 కంటే తగ్గగానే గానీ, 12 ప్రశ్నలు పూర్తికాగానే గానీ ఆపుతారు. దోషం అంతకు తగ్గడమే ముల్లు నిలవడం. ఆల్ఫా అందరికీ కలిపి ఒకే సంఖ్య చెబుతుంది, ఇక్కడ ఎవరి స్కోరుకు వారి దోషం విడిగా తెలుస్తుంది. నా మటుకు ఇదే నిజాయితీ గల పద్ధతి.

రాయిలో రావచ్చిన తప్పులలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది డిఫరెన్షియల్ ఐటమ్ ఫంక్షనింగ్, అంటే ఒక ఊళ్ళో కిలో తూగిన రాయి మరో ఊళ్ళో ముప్పావుకిలోనే తూగడం. "శుభకార్యాలకు వెళ్ళడం నాకు కష్టమవుతోంది" అనే ప్రశ్నను మనమే తెలుగులో రాశామనుకోండి. మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరు స్త్రీలు మిగిలిన అన్నిటిలోనూ ఒకే స్థాయిలో ఉన్నా, వారిలో భర్తను కోల్పోయినామె ఈ ఒక్కదానికి వేరే జవాబు ఇవ్వవచ్చు, ఎందుకంటే ఆమెను పేరంటానికి పిలవనిది ఆచారం, మోకాలు కాదు. గణాంకాలు ఆ రాయిని తప్పుడు రాయి అంటాయి. తీసేస్తే తూకం సరిపోతుంది గానీ, ఆమెకు నిజంగా జరుగుతున్న వెలివేత లెక్కలోంచే మాయమవుతుంది. కుష్ఠు వంటి వ్యాధుల వల్ల దూరం పెట్టబడినవారి కోసం నేపాల్, భారత్, బ్రెజిల్ దేశాలలో రూపొంది 2006లో ప్రచురితమైన 18 ప్రశ్నల పార్టిసిపేషన్ స్కేలు అడాప్టివ్ కాకపోయినా, ఈ చిక్కును "మీ తోటివారిలాగే మీరూ పాల్గొంటున్నారా" అని అడిగి దాటుతుంది. తోటివారంటే వ్యాధి తప్ప మిగిలినవాటిలో తనవంటివారు. అప్పుడు వ్యాధి వల్ల కలిగిన నష్టం తేలుతుంది, ఆచారం వల్ల కలిగినది తేలదు. ఏది కొలవదలచుకున్నామో ముందే తేల్చుకోనివారికి సాఫ్ట్‌వేర్ ఏ సాయమూ చేయలేదు.

సమయం మించిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. రెండు ప్రశ్నలు ఒకే మాటను తిప్పి అడిగితే, ఒకే రాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టై దోషం నిజానికన్నా తక్కువగా కనిపిస్తుంది; అందుచేత వాటిలో ఒకటి తీసేయాలి. బ్యాంకు మొత్తానికి జవాబిచ్చినవారి సమాచారంపై అడాప్టివ్ పద్ధతిని అనుకరించి నడిపి, కొద్ది ప్రశ్నల స్కోరు 35 ప్రశ్నల స్కోరుకు ఎంత దగ్గరగా వస్తుందో చూడాలి. రెండు వారాల తరువాత మళ్ళీ అడిగినప్పుడు వేరే ప్రశ్నలు వచ్చినా కంగారు పడనక్కరలేదు, స్కోరు నిలిచిందా లేదా అన్నదే ముఖ్యం. చివరిగా, దేనిలోనూ ఇబ్బంది లేనివారి సంగతి: వారు ప్రతి ప్రశ్నకూ ఒకే కొస జవాబు ఇస్తారు, పన్నెండూ అడిగినా ముల్లు నిలవదు, ఎందుకంటే వారికి సరితూగే బరువైన రాయి ఆ సంచిలో లేదు.