ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యునరల్ రివ్యూ: తప్పంతా ఆ వాన డైలాగ్‌దేనా?

అందరికీ నమస్తే అండీ. ముందుగా ఒక మాట. ఈ సినిమా డిస్క్ నేను కొన్నది కాదు, అమ్మేవాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులివ్వలేదు, ఇలా చెప్పండి అలా చెప్పండి అని కూడా అనలేదు. ఇప్పుడు విషయంలోకి వెళ్దాం.

సినిమా ‘ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యునరల్’, 1994. ఎవరు తీశారు, ఎవరు నటించారు, ఏ అవార్డులొచ్చాయి, ఇవన్నీ మీరు ఈపాటికే చూసుంటారు, వాటి జోలికి పోను. కథ మాత్రం ఆఖరి సీన్ దాకా విప్పేస్తాను. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆపేసి, 117 నిమిషాలు కేటాయించి చూసి, తర్వాత రండి.

ఈ సినిమా చూసినవాళ్లని ఎవర్ని కదిపినా మూడు మాటలు వస్తాయి. చావు దగ్గర ఏడిపించేశాడు అంటారు. రోవాన్ అట్కిన్సన్ ఫాదర్ వేషం అదిరింది అంటారు. ఆ తర్వాత మొహం చిట్లించి, ‘ఆ వాన డైలాగ్ ఏంటండీ బాబూ’ అంటారు.

సీన్ గుర్తుంది కదా. హీరో చార్ల్స్ పెళ్లి పీటలదాకా వచ్చి ఆగిపోయింది. అతను ప్రేమించిన క్యారీ అతని గుమ్మం ముందుకు వచ్చింది. కుండపోత వాన. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. జీవితాంతం నన్ను పెళ్లి చేసుకోకుండా ఉంటావా అని అతను అడుగుతాడు. ఆమేమో ‘ఇంకా వాన పడుతోందా, నేను గమనించనేలేదు’ అంటుంది. ముప్పై ఏళ్లుగా ఈ ఒక్క వాక్యానికి క్యారీగా నటించిన ఆండీ మెక్‌డొవెల్‌ని తిడుతూనే ఉన్నారు. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది. డైలాగ్ చెవికి గుచ్చుకునే మాట నిజమే. కానీ ఎందుకు గుచ్చుకుంటోందో విడదీసి చూస్తే, ఆమె నటన ఆ కారణాల్లో చివరిది.

మొదటి కారణం వానే. మామూలు వాన కెమెరాకి సరిగ్గా ఆనదు. కనపడాలంటే చుక్కలు లావుగా ఉండాలి, వెనక నుంచి లైటు పడాలి. లైటు ఎదురుగా పెడితే వాన మాయమైపోతుంది. అందుకే తెర మీద వాన ఎప్పుడూ ఉండాల్సిన దానికంటే రెండింతలు కురుస్తుంది. ఆ మాట సన్నగా తుంపర పడుతుంటే అని చూడండి, ముద్దొస్తుంది. జుట్టు నెత్తికి అతుక్కుపోయి, గడ్డం మీంచి ధార కారుతుంటే అదే మాట అంటే, అబద్ధంలా వినపడుతుంది. మాట ఒక మోతాదుకి, నీళ్లు ఇంకో మోతాదుకి ఉన్నాయి.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ సినిమాలో అప్పటిదాకా దాదాపు ఎవరూ ప్రేమని తిన్నగా చెప్పలేదు. థేమ్స్ ఒడ్డున చార్ల్స్ తన మనసులో మాట చెప్పిన సీన్ మళ్లీ చూడండి. మొదలుపెడతాడు, ఆపేస్తాడు, నీళ్లు నములుతాడు, చిన్నప్పటి పాప్ సింగర్ పాటని అడ్డం పెట్టుకుంటాడు. గంటన్నర పాటు సినిమా మన చెవికి ఏం నేర్పింది? నిజమైన ప్రేమ తడబడుతుంది అని. ఆఖరి నిమిషంలో ఒక్క తడబాటు లేకుండా, నగిషీ చెక్కినట్టు ఒక వాక్యం వచ్చి పడింది. ఎవరు పలికినా అది అతకదు.

మూడోది సినిమా మొత్తానికి ఆయువుపట్టు. దీన్ని పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

రచయిత రిచర్డ్ కర్టిస్ పెట్టుకున్న నియమం ఏంటంటే, ఈ మనుషుల్ని మనం దాదాపు శుభకార్యాల్లోనే చూస్తాం. చార్ల్స్ ఏం ఉద్యోగం చేస్తాడో సినిమా అయిపోయినా మనకి తెలీదు. ఆఫీసుల్లేవు, అమ్మానాన్నల ఫ్లాష్‌బ్యాకుల్లేవు. పదకొండేళ్లలో 65 పెళ్లిళ్లకి వెళ్లానని లెక్క తేలాక పుట్టిన ఆలోచన ఇది అని ఆయనే చెప్పారు. ఈ నియమం బడ్జెట్‌కి కూడా వరం. ఆరు వారాల షూటింగ్, 30 లక్షల పౌండ్ల లోపు ఖర్చు. కథ ఐదు సందర్భాల్లో తిరుగుతుంది కాబట్టి సెట్లు మార్చే పని తగ్గింది. ఇంగ్లండ్‌లోని ఒక బంగళా తోటే స్కాట్లండ్ అయిపోయింది.

అయితే పెళ్లి సీన్‌కి ఇంకో ఖర్చుంది, జనం. రెండొందల మంది అతిథులకి మార్నింగ్ సూట్లు, టోపీలు అద్దెకి తేవాలంటే బడ్జెట్ అక్కడే హరించుకుపోతుంది. అందుకని ఇంట్లో సొంత సూట్లున్న అసలైన పెద్దింటివాళ్లనే అతిథులుగా పిలిచారు. వాళ్లని పోగుచేసి తెచ్చినావిడకి టైటిల్స్‌లో ‘అరిస్టోక్రసీ కోఆర్డినేటర్’ అని పేరు కూడా వేశారు. ఆవిడ ఆంబర్ రడ్, 2016లో బ్రిటన్ హోం సెక్రటరీ అయ్యారు. ఆ గుంపు షాట్లు పరీక్షగా చూడండి. ఆ కోట్లు వాళ్ల ఒంటికి అలవాటైన కోట్లు. గ్లాసు పట్టుకునే తీరులో కూడా తెలుస్తుంది. డబ్బు మిగల్చడానికి చేసిన పని, డబ్బు పోసినా రాని సహజత్వం తెచ్చింది. వసూళ్లు 24 కోట్ల డాలర్లు దాటాయి.

మరి ఈ నియమం వల్ల నష్టపోయింది ఎవరు? క్యారీ. స్నేహితుల బృందం ప్రతి పెళ్లిలో కలిసే ఉంటుంది, ఒకరి ప్లేటులోంచి ఒకరు తింటున్నంత చనువు. ఫియోనా, మాథ్యూ, స్కార్లెట్, టామ్, గారెత్, వీళ్లందరూ రెండో పెళ్లికే మనవాళ్లైపోతారు. క్యారీ ఏమో వస్తుంది, వెళ్లిపోతుంది. ఆమె ఎవరో చెప్పాల్సిన సీన్లు, అంటే పెళ్లి గౌన్లు చూసే షాపు, కాఫీ దగ్గర తన జీవితంలోకి వచ్చిన 33 మంది మగవాళ్ల లెక్క, ఇవి నియమానికి బయట ఉన్నాయి. వాటిలో కూడా ఆమె మాట్లాడుతుంది, మనం చార్ల్స్ మొహం చూస్తూ నవ్వుకుంటాం. అందుకే ఆఖరి వానలో నిలబడే సరికి ఆమె ఇంకా మనకి పరాయిదే. పరాయి మనిషి నోట పెద్ద మాట వచ్చింది, చెవికి గుచ్చుకుంది. ‘ఫియోనాని చేసుకోవచ్చు కదా’ అని అంతమంది అనడానికి కూడా కారణం ఇదే. ఫియోనాగా వేసిన క్రిస్టిన్ స్కాట్ థామస్ చార్ల్స్‌తో ‘అది నువ్వే, ఎప్పుడూ నువ్వే’ అని చెప్పే సీన్ ఎంతసేపు? కాసేపే. గొంతు పెంచలేదు, కన్నీళ్లు లేవు. ఆ కాసేపట్లో క్యారీ మొత్తం పాత్ర కంటే ఎక్కువ తెలిసిపోతుంది.

గారెత్ చావు సీన్ గురించి అందరూ చెప్పారు, నేను రెండే ముక్కలు చెబుతాను. అప్పటిదాకా పచ్చిక, పూలు, రాతి భవనాలు. ఇప్పుడు ఎసెక్స్‌లో, వెస్ట్ థర్రక్ అనే ఊళ్లో ఒక చిన్న చర్చి, వెనకే ఫ్యాక్టరీ. గారెత్ పుట్టిన ఇల్లు ఎలాంటిదో ఒక్క మాట లేకుండా ఆ ఒక్క షాట్ చెప్పేస్తుంది. ఇక అక్కడ మాథ్యూ చదివే, ఇంగ్లీష్ కవి ఆడెన్ రాసిన కవిత, 1936లో ఒక నాటకంలో వెటకారంగా మొదలైంది. మాథ్యూగా వేసిన జాన్ హన్నా దాన్ని పాడినట్టు చదవడు, లెక్క అప్పజెబుతున్నవాడిలా చదువుతాడు. గొంతు ఒక్కచోట జీరబోతుంది, అంతే.

ఇక నాకు ప్రాణమైన సీన్. నాలుగో పెళ్లి, లండన్‌లో సెయింట్ బార్తలమ్యూ ద గ్రేట్ చర్చి. మన తెలుగు చర్చి పెళ్లిళ్లలో కూడా ‘ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి’ అని అడుగుతారు కదా, అదే ఘట్టం. సినిమాల్లో ఇక్కడ ఎవడో తలుపు తోసుకుని వచ్చి ‘ఆపండి’ అని అరుస్తాడు. కర్టిస్ ఏం చేశాడు? నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో టక్ టక్ మని తట్టిన చప్పుడు. తట్టింది చార్ల్స్ తమ్ముడు డేవిడ్. అతను బధిరుడు, వేషం వేసిన డేవిడ్ బవర్ నిజంగానే బధిర నటుడు. సైగలతో అభ్యంతరం చెబుతాడు. చర్చి నిండా జనం ఉన్నారు, ఆ భాషని పైకి చెప్పాల్సిందేమో పెళ్లికొడుకే. తన పెళ్లి మీద వచ్చిన అభ్యంతరాన్ని తనే నోరు విప్పి అందరికీ తర్జుమా చేయాలి. ‘పెళ్లికొడుకు ఇంకెవరినో ప్రేమిస్తున్నాడని వీడి అనుమానం.’ పక్కనే పెళ్లికూతురు.

ఇది హఠాత్తుగా ఊడిపడలేదు. మొదటి పెళ్లి నుంచీ అన్నదమ్ములిద్దరూ చేతులతో గుసగుసలాడుకుంటూనే ఉన్నారు. అప్పుడు మనం దాన్ని సరదా అనుకున్నాం. రచయిత మాత్రం గంటన్నర ముందే అప్పు తెచ్చి, ఇక్కడ వడ్డీతో తీర్చాడు. డేవిడ్ పాత్రని జాలి కోసం వాడకుండా, కథకి తాళంచెవి అతని చేతిలో పెట్టడం 1994లో చాలా అరుదు.

ఆ తర్వాత ఫాదర్ అడుగుతారు, ‘నువ్వు ఇంకెవరినైనా ప్రేమిస్తున్నావా చార్ల్స్?’ అతని జవాబు ‘ఐ డూ’. సబ్‌టైటిల్ రాసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ‘అవును, ప్రేమిస్తున్నాను’ అని రాస్తే అర్థం సరిపోతుంది, దెబ్బ పోతుంది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పద్ధతిలో పెళ్లి ప్రమాణానికి జవాబు ‘ఐ విల్’, కానీ లోకం చెవిలో పెళ్లి మాట అంటే ‘ఐ డూ’. పెళ్లి ముడివేసే మాటతోనే పెళ్లి తెగిపోయింది. దయచేసి ఈ సినిమాని ఇంగ్లీష్ ఆడియో, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తోనే చూడండి. రోవాన్ అట్కిన్సన్ వేసిన ఫాదర్ జెరాల్డ్ సీన్‌కి కూడా అదే దారి. ‘హోలీ ఘోస్ట్’ అనబోయి ‘హోలీ గోట్’ అంటాడు, ‘లాఫుల్’ (చట్టబద్ధమైన) బదులు ‘ఆఫుల్’ (ఘోరమైన) అంటాడు. ఒక్క అక్షరం జారితే పుట్టే నవ్వు అది. పరిశుద్ధాత్మ, మేక అని తర్జుమా చేస్తే ఏం మిగులుతుంది చెప్పండి.

పిల్లలతో కూర్చునేవాళ్లకి ఒక జాగ్రత్త. మొదటి కొన్ని నిమిషాల్లో ఒకే బూతుమాట వరసగా వినపడుతుంది, దాదాపు అదే డైలాగ్. అమెరికా టీవీ కోసం అదే సీన్‌ని మెత్తటి తిట్టుతో మళ్లీ తీశారు కూడా. బ్రిటన్‌లో దీనికి 15 సర్టిఫికెట్, అంటే పదిహేనేళ్లు నిండనివాళ్లకి కాదు.

నా తీర్పు అడిగితే, తప్పకుండా చూడండి. ఆ వాన సీన్ ఉన్నా సరే చూడండి. హీరోయిన్ పాత్ర సగమే పండిన రొమాంటిక్ కామెడీ ఇంత గొప్పగా నిలబడిందంటే, అది ఆ స్నేహితుల బలం. సినిమా అవగానే ఆపేయకండి, చివర్లో పెళ్లి ఫోటోలు వస్తాయి. అంత్యక్రియల తర్వాత చార్ల్స్ టామ్‌తో అంటాడు గుర్తుందా, మనందరం ఒంటరివాళ్లమని గొప్పలు పోయాం, మనలో ఇద్దరు ఎప్పుడో పెళ్లయినవాళ్లలా బతుకుతున్నారని గమనించనేలేదు అని. ఆ ఇద్దరూ గారెత్, మాథ్యూ. వాళ్లలో మిగిలిన మాథ్యూ ఫోటో కూడా ఆ వరసలో ఉంటుంది, పక్కన ఒక కొత్త మనిషి, మగవాడు. అక్కడ ఒక్క క్షణం పాజ్ చేయండి. వాళ్లిద్దరూ ఇంగ్లండ్‌లో చట్టప్రకారం పెళ్లి చేసుకోవాలంటే 2014 మార్చి దాకా ఆగాలి.