నడపని కారూ అరిగిపోతుంది: సూపర్‌కారును తిప్పాలా, దాచాలా?

[తెరపై: రెండు మెక్‌లారెన్ ఎఫ్1 కార్లు పక్కపక్కన. ఒకదాని కింద "400 కి.మీ. లోపు", రెండోదాని కింద "సుమారు 66,000 కి.మీ."]

ఈ రెండూ ఒకే మోడల్ కార్లు. మెక్‌లారెన్ ఎఫ్1. రేసు కార్లతో కలిపి మొత్తం తయారైనవే 106. ఎడమవైపున్న కారు పాతికేళ్ళలో 400 కిలోమీటర్లు కూడా తిరగలేదు. 2021లో పెబుల్ బీచ్ వేలంలో 2 కోట్ల 4 లక్షల డాలర్లకు పైగా పలికింది.

కుడివైపుది బ్రిటిష్ హాస్యనటుడు రోవన్ అట్కిన్సన్ కారు. 1997లో 5,40,000 పౌండ్లకు కొని, ఊళ్ళు తిరగడానికి, పనుల మీద వెళ్ళడానికి శుభ్రంగా వాడారు. రెండుసార్లు గుద్దేశారు కూడా. 2011లో జరిగిన రెండో ప్రమాదం తర్వాత బాగుచేయించడానికి ఇన్సూరెన్స్ కంపెనీకి 9,10,000 పౌండ్లు అయ్యాయి. అలాంటి కారు 2015లో 80 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది.

ఈ రెండు అమ్మకాలకు మధ్య ఆరేళ్ళ తేడా ఉంది కాబట్టి ధరల్ని నేరుగా పోల్చడం సరికాదు. ముట్టుకోని కారుకు ఎక్కువ ధర వస్తుందన్న మాట మాత్రం నిజమే. కానీ పద్దెనిమిదేళ్ళు ఆనందంగా నడిపిన మనిషి కూడా పెట్టిన డబ్బుకు పదిహేను రెట్లు వెనక్కి తీసుకున్నాడు. మరి "నడిపితే విలువ పోతుంది" అని భయపడేవాళ్ళు దేని గురించి భయపడుతున్నట్టు?

[తెరపై: కవరు కప్పిన కారు. కవరు నెమ్మదిగా పారదర్శకంగా మారి లోపలి భాగాలు కనిపిస్తాయి.]

ముందు కవరు కింద ఏం జరుగుతుందో చూద్దాం. చాలామంది ఆలోచించని విషయం ఇదే. ఓడోమీటర్ ఆగినంత మాత్రాన కారుకు వయసు రావడం ఆగదు.

టైర్లతో మొదలుపెడదాం. ట్రెడ్ కొత్తగా కనిపిస్తుంది, వేలు పెట్టి చూస్తే లోతుగానే ఉంటుంది. కానీ రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పట్టు కోల్పోతుంది. టైరు పక్కన డాట్ కోడ్ (తయారీ వివరాలు చెప్పే గుర్తు) చివర నాలుగు అంకెలుంటాయి.

[తెరపై: టైరు పక్కభాగం క్లోజప్. "2304" అనే అంకెలు.]

2304 అంటే 2004వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. కొత్తగా మెరిసే కారు, తక్కువ కిలోమీటర్లు, మొదటి టైర్లే ఇంకా ఉన్నాయి అని అమ్మేవాళ్ళు గొప్పగా చెప్తుంటారు. ఆ చివరి మాట వినగానే సంతోషించకండి, జాగ్రత్తపడండి. 2013లో నటుడు పాల్ వాకర్ ప్రయాణిస్తున్న పోర్షే కరెరా జీటీ ప్రమాదానికి గురై ఆయనా, నడుపుతున్న ఆయన స్నేహితుడూ చనిపోయారు. అతివేగమే కారణమని దర్యాప్తు అధికారులు తేల్చారు. దానితోపాటు వాళ్ళు ఎత్తిచూపిన ఇంకో విషయం, ఆ టైర్లకు తొమ్మిదేళ్ళ వయసు ఉండటం.

తర్వాత టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్లో వాల్వులూ పిస్టన్లూ ఒక లయలో కదిలేలా చూసే బెల్టు. ఫెరారీ టెస్టరోసా, ఎఫ్355 లాంటి కార్లలో ఇది రబ్బరు బెల్టు. దీన్ని మార్చడానికి ఇంజిన్ మొత్తాన్ని కిందికి దించాలి. ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్ళు, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. నడపని కారుకు ఏళ్ళే ముందొస్తాయి. అంటే కిలోమీటరు కూడా తిరగకుండా, కొన్నేళ్ళకోసారి ఇంజిన్ దింపే ఖర్చు కట్టాలన్నమాట! బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పాడవుతుంది కాబట్టి వాయిదా వేయడానికీ లేదు. 2004లో వచ్చిన ఎఫ్430 నుంచి ఫెరారీ వీ8 ఇంజిన్లలో బెల్టు బదులు చైన్ పెట్టారు. ఆ తరం కార్లకు ఈ టెన్షన్ లేదు.

పెట్రోలు ట్యాంకుదీ అదే కథ. ఫెరారీ ఎఫ్40లో రేసు కార్లలో లాగా రబ్బరు సంచి ట్యాంకులుంటాయి. వాటికీ గడువుంటుంది, నడిపినా నడపకపోయినా. మెక్‌లారెన్ ఎఫ్1 ట్యాంకు మార్చాలంటే ఇంజిన్ దింపాల్సిందే. మొదట్లో చూపించిన ఆ 400 కిలోమీటర్ల లోపు కారును అలా ఉంచడం ఊరికే జరగదు, దాని వెనక వర్క్‌షాపు బిల్లులు ఉంటాయి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మూత తీసిన డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టు. తేమ చేరితే దాని మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, లోపల తుప్పు మొదలవుతుంది. అందుకే తిరగని కారుకు కూడా రెండేళ్ళకోసారి మార్చమంటారు. పెట్రోలు పాతబడి జిగురు పడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే నీటిని కూడా లాక్కుంటుంది. సీల్స్ ఎండిపోయి, స్టార్ట్ చేసిన రోజున కారడం మొదలుపెడతాయి. ఇక 1990ల నుంచి 2000ల దాకా వచ్చిన ఫెరారీల లోపల బటన్ల మీద ఉండే మెత్తటి పూత కాలం గడిచేకొద్దీ కరిగి చేతికి అంటుకుంటుంది. ఎవరూ వేలు పెట్టని బటన్లు కూడా జిడ్డుగా తయారవుతాయి. అంత డబ్బు పోసి కొన్న కారులో అదొక విచిత్రం!

ఎలుకల సంగతి విడిగా చెప్పక్కర్లేదు. చీకటి, వెచ్చదనం, కదలిక లేని చోటు, కొరకడానికి వైర్లు.

[తెరపై: గ్యారేజ్. సైలెన్సర్ పైపు నుంచి తెల్లటి ఆవిరి. గోడ గడియారం.]

ఇప్పుడు చాలా ఇళ్ళలో జరిగే తంతు ఒకటి చూద్దాం. వారానికోసారి కారు దగ్గరికి వెళ్ళి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు నిలబెట్టి, ఆపేసి, కవరు కప్పేయడం. కారుకు మంచి చేస్తున్నాననే అనుకుంటారు పాపం. జరిగేది మాత్రం వేరు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ చల్లగా ఉంటే ఆ ఆవిరి నీటిబొట్లై ఆయిల్లోనూ, సైలెన్సర్లోనూ చేరుతుంది. దాన్ని పోగొట్టాలంటే ఆయిల్ బాగా వేడెక్కి, ఆ వేడిలో కొంతసేపు ఉండాలి. నిలబడి ఉన్న బండిలో పది నిమిషాలకు కూలెంట్ ముల్లు మధ్యకు వస్తుందేమో గానీ ఆయిల్ అంత త్వరగా వేడెక్కదు. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, వీల్ బేరింగులు, బ్రేకులు అసలు కదలనే కదలవు. బ్యాటరీలోంచి స్టార్టింగుకు వాడిన కరెంటు కూడా పూర్తిగా తిరిగిరాదు. ఇలా చేసేకంటే స్టార్ట్ చేయకుండా వదిలేయడమే నయం.

నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. నడపడమూ మంచిదే, పద్ధతిగా దాచడమూ మంచిదే. ఈ రెండూ కాని మధ్య స్థితి ఉంది చూడండి, ఏడాదికి వంద, రెండొందల కిలోమీటర్లు భయం భయంగా తిప్పి మిగతా రోజులు కవరు కప్పి మర్చిపోవడం, కారుకు అన్నిటికంటే హాని చేసేది అదే. తక్కువ కిలోమీటర్ల వల్ల రావాల్సిన ధర ఏడాదికి కొంత చొప్పున తగ్గుతూనే ఉంటుంది, నడిపినందుకు కారుకు దక్కే ఆరోగ్యం దక్కదు, మీకు దక్కే ఆనందమూ దక్కదు.

ఇందులో మనుషులకు ఉన్న ప్రమాదం ఇంకోటి. అరుదుగా నడిపేవాళ్ళకు ఆ కారు చేతికి అలవాటు కాదు. కరెరా జీటీలో స్టెబిలిటీ కంట్రోల్, అంటే కారు పట్టు తప్పితే సరిచేసే వ్యవస్థ లేదు. ఎఫ్40లో బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ కూడా లేదు. అలాంటి బండిని ఆరు నెలల తర్వాత, గట్టిపడిన చల్లటి టైర్లతో, పక్క సీట్లో ఎవరినో కూర్చోబెట్టుకుని యాక్సిలరేటర్ తొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి.

[తెరపై: ఓడోమీటర్ గ్రాఫిక్. అంకెలు పెరుగుతుంటే పక్కన ధర గీత మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా దిగుతుంది.]

సరే, మీ కారు విషయంలో ఏం చేయాలి? ముందు ఓడోమీటర్ చూడండి. షోరూమ్ నుంచి దిగినట్టే ఉన్న కారుకు ప్రత్యేకమైన గిరాకీ ఉంటుంది, ఆ గిరాకీ మొదటి కొన్ని వేల కిలోమీటర్లలోనే పోతుంది. ఆ మెట్టు దాటాక ధర పడే వేగం తగ్గుతుంది. ఇప్పటికే 30,000 తిరిగిన కారు ఇంకో 5,000 తిరిగితే కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న అది కాదు. సర్వీస్ రికార్డులు అడుగుతాడు, ఇంజిన్ నెంబరు ఛాసిస్‌తో కలుస్తుందా అని చూస్తాడు, పెయింటు మొదటిదేనా అని పరికరం పెట్టి కొలుస్తాడు. కాబట్టి ఆ మెట్టు ఎప్పుడో దాటిన కారును దాచడంలో అర్థం లేదు, నడపండి.

కారు నిజంగా కొత్తగానే ఉంది, తయారైన సంఖ్యా తక్కువే, మీకేమో నడపాలని ఉంది. అప్పుడు నేను చెప్పేది కొందరికి నచ్చదు: దాన్ని అమ్మేయండి. దాచుకోవాలనే కోరిక ఉన్నవాళ్ళు దానికి మంచి ధర ఇస్తారు. అదే మోడల్‌లో బాగా తిరిగిన, రికార్డులు సరిగ్గా ఉన్న కారు మీకు తక్కువకు దొరుకుతుంది. కలుక్కుమన్న ప్రతి గులకరాయికీ గుండె జారిపోకుండా నడుపుకోవచ్చు.

ఎన్ని తయారయ్యాయన్నది కూడా చూసుకోవాలి. వేలల్లో తయారైన మోడల్‌ను కవరు కింద పెట్టి, రేపు మెక్‌లారెన్ ఎఫ్1 అవుతుందని ఎదురుచూసేవాళ్ళున్నారు. బ్యాటరీ, బెల్టు, టైర్లు, ఇన్సూరెన్స్, చోటుకు అద్దె అన్నీ కూడితే ఆ ఎదురుచూపు చాలామందికి నష్టమే మిగులుస్తుంది.

[తెరపై: మ్యూజియం హాలు. నీలిరంగు షెల్బీ డేటోనా కూప్.]

దాచడం, నడపడం కలిసి సాగిన చోట్లు కూడా ఉన్నాయి. ఫిలడెల్ఫియాలోని సిమియోన్ మ్యూజియంలో షెల్బీ డేటోనా కూప్ ఉంది. అలాంటివి మొత్తం ఆరే తయారయ్యాయి, ఇది వాటిలో మొట్టమొదటిది. 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులో మొదటి పేరు దీనిదే. దీన్ని కొత్తదానిలా మెరిపించకుండా, రేసుల్లో పడిన వయసుతోనే ఉంచారు. ఆ మ్యూజియం తన రేసు కార్లను ఎప్పటికప్పుడు వెనక ఉన్న స్థలంలోకి తెచ్చి జనం ముందు నడిపి చూపిస్తుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా తన ట్యూరిన్ చార్టర్‌లో, వాహనాన్ని వాడుకలో ఉంచడం దాన్ని కాపాడటంలో భాగమేనని రాసింది. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 1970లలో కొన్న ఫెరారీ 250 జీటీఓతో దశాబ్దాల పాటు రేసుల్లో పాల్గొన్నారు. 2023లో అదే మోడల్ కారు ఒకటి వేలంలో 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికింది. అంత విలువైన మోడల్‌ను కూడా రేసులో తిప్పడానికి ఆయన వెనకాడలేదు.

నడపాలని నిర్ణయించుకుంటే నెలకు ఒకటి రెండుసార్లు, ఆయిల్ పూర్తిగా వేడెక్కేదాకా, కనీసం అరగంట, ముప్పావుగంట తిప్పండి. ముందు భాగానికి పారదర్శకమైన రక్షణ ఫిల్మ్ వేయించండి. ఇన్సూరెన్స్‌లో కారు విలువను ముందే ఒప్పుకుని రాసే పాలసీ తీసుకోండి. మార్చిన ప్రతి అసలు భాగాన్నీ, సైలెన్సర్ అయినా చక్రాలైనా, పేరు రాసి అటక మీద పెట్టండి. అమ్మేటప్పుడు ఆ పెట్టె ఎంత ఉపయోగపడుతుందో అప్పుడే తెలుస్తుంది.

దాచాలని నిర్ణయించుకుంటే ముందు కారు ఉంచే గది గురించి ఆలోచించండి. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉండాలి, మరీ పొడిగా ఉంటే తోలు పగులుతుంది. గాలి ఆడే కవరు వేయాలి. బ్యాటరీకి మెయింటెయినర్ (ఛార్జి దిగిపోకుండా చూసే పరికరం) తగిలించి ఉంచాలి. మెక్‌లారెన్ పీ1, లాఫెరారీ లాంటి హైబ్రిడ్‌లకైతే ఇది తప్పనిసరి. ఆ బ్యాటరీ పూర్తిగా దిగిపోతే వచ్చే బిల్లు ఇంకో కారు ధరలా ఉంటుంది. దాచేముందు కొత్త ఆయిల్ పోయించండి, వాడిన ఆయిల్లోని ఆమ్లాలు ఇంజిన్ లోపలే కూర్చోకూడదు. టైర్ల మీద బరువు ఒకే చోట పడకుండా అప్పుడప్పుడు కారును చేత్తో కాస్త ముందుకు తోయాలి.

[తెరపై: కవరు తీస్తున్న చేతులు. బానెట్ తెరుచుకుంటుంది.]

ఏళ్ళ తరబడి పడుకున్న కారును లేపాల్సి వస్తే తాళం తిప్పకండి. పాత పెట్రోలు తీసేయించి, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోయించి, ఇంజిన్‌ను ముందు చేత్తో తిప్పించండి. ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో తిప్పి, ఆయిల్ ప్రెజర్ వచ్చిందని చూశాకే బిగించి స్టార్ట్ చేయించాలి. బెల్టు వయసు తెలియకపోతే ఆ పని కూడా వద్దు, ముందు బెల్టు. బ్రేకుల్ని గేటు లోపలే పరీక్షించండి. మొదటి ప్రయాణం అయ్యాక కారు కింద పెద్ద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఆ మరకల రంగునూ, అవి పడిన చోటునూ చూసి ఏ సీల్ పోయిందో మెకానిక్ పట్టేయగలడు.