పెరటి బాతులు, ముక్కిన చెక్క

అధ్యక్షులకు, గ్రంథాలయాధికారి గారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, వెనుక వరుసలలో పోటీ పరీక్షలకు చదువుకొంటూ నా మైకు వల్ల చదువు చెడిన పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలలో బాతుల మీద ప్రసంగమేమిటని దారిలోనే ముగ్గురు నన్ను నిలదీశారు. పోయిన ఏడాది ఇదే వేదిక మీద పుస్తక పఠనం గురించి గంటసేపు మాట్లాడితే వచ్చినవారు పదకొండు మంది, వారిలో నలుగురు మా ఇంటివారు. ఈసారి కుర్చీలు చాలక జంపఖానాలు పరిచారు కాబట్టి నిర్వాహకులను నేను తప్పుపట్టలేను.

ముప్పై రెండేళ్లు లెక్కల పాఠం చెప్పిన అలవాటు కొద్దీ, నాకిచ్చిన ఇరవై నిమిషాలను నాలుగు భాగాలు చేసి కాగితం మీద రాసుకొని వచ్చాను: జాతులు, పొదిగించడం, పిల్లలను వెచ్చగా సాకడం, మేత. నాలుగోదాని కోసమే ఈ పిలుపును ఒప్పుకొన్నానని ముందే చెప్పేస్తున్నాను.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో బాతులేమిటని మీరు నవ్వవచ్చు. బాతు అనగానే మనకు కొల్లేరు గుర్తుకు వస్తుంది. అయితే గుడ్ల కోసం పెంచే బాతుకు చెరువు అక్కరలేదు. అది తల ముంచి కళ్లూ ముక్కూ కడుక్కోవడానికి సరిపడే ఒక తొట్టి చాలు. ఆ తొట్టి నీళ్లను అది గంటలో బురద చేస్తుంది, దానికి కోపగించుకోకూడదు. మా ఇంట్లో ఆ నీళ్లను రోజూ సాయంత్రం మునగచెట్టుకూ కరివేపాకుకూ పోస్తాము, ఆ రెండు చెట్లూ ఎలా ఉన్నాయో చూడాలంటే మా ఇంటికి రండి. నీళ్లను మాత్రం నిలవబెట్టి కుళ్లనివ్వకూడదు, ఎందుకంటే కుళ్లిన నీటిలో, చచ్చిన పురుగుల్లో పుట్టే విషం వల్ల బాతుకు మెడ వాలిపోయి ప్రాణం పోతుంది. ఎండాకాలంలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి చెట్టు నీడో, కొట్టం నీడో తప్పనిసరి.

జాతుల సంగతి రెండు మాటలలో ముగిస్తాను. గుడ్లకు పేరుపడినది ఖాకీ క్యాంప్‌బెల్. ఇంగ్లండులో క్యాంప్‌బెల్ అనే ఇల్లాలు తన ఇంటి బాతులను కలిపి తీసిన జాతి ఇది, సిపాయిల ఖాకీ దుస్తుల రంగును బట్టి ఆ పేరు వచ్చింది. బాగా మేపితే ఏడాదికి మూడు వందల గుడ్ల దాకా పెడుతుంది. మన నాటు బాతు అందులో సగం పెడితే గొప్ప. పెద్ద పెద్ద ఫారాల సంగతి నాకు తెలియదు గానీ, ఒక ఇల్లాలు తన పెరట్లో చేసిన పని అది అని ఇక్కడి అక్కచెల్లెళ్లు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. గుడ్లు తినడానికే అయితే మగ బాతు అక్కరలేదు. పిల్లలు కావాలంటే ఐదారు పెట్టలకు ఒక మగది చాలు. తోక మీద ఈకలు పైకి వంకర తిరిగి, గొంతు బొంగురుగా ఉండేది మగది, వీధి మొత్తం వినిపించేలా అరిచేది పెట్ట. బాతు ఐదారు నెలలకు గుడ్డుకు వస్తుంది, దాదాపు అన్ని గుడ్లనూ తెల్లవారుజామున మొదలుపెట్టి ఉదయం తొమ్మిది లోపల పెట్టేస్తుంది. అందుకని తొమ్మిది కొట్టేదాకా గూటి తలుపు తీయకండి, తీస్తే గుడ్డు పక్కింటి గడ్డివాములో దొరుకుతుంది, ఆ తరువాత జరిగే పంచాయితీలో మీరే ఓడిపోతారు.

ఖాకీ బాతులో ఒక లోపం ఉంది. అది గుడ్లు పెట్టి లేచిపోతుంది, పొదగదు. అందువల్ల మనకు పొదుగుకు వచ్చిన నాటుకోడి కావాలి. కోడిగుడ్డు ఇరవై ఒక్క రోజులకు పిల్ల అయితే బాతుగుడ్డుకు ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. బాతుగుడ్డు పెద్దది కాబట్టి ఒక కోడి కింద ఎనిమిది, తొమ్మిదికి మించి పెట్టకూడదు, పెడితే అంచున ఉన్నవి చల్లబడతాయి. గుడ్లు బరువు కాబట్టి కోడి తన కాలితో వాటిని సరిగా తిప్పలేదు, రోజుకు రెండు సార్లు మనమే తిప్పి పెట్టాలి. బాతు తాను పొదిగితే నీళ్లలో మునిగి వచ్చి తడి ఈకలతో గుడ్ల మీద కూర్చుంటుంది. కోడి ఆ పని చేయదు కాబట్టి, కోడి మేతకు లేచినప్పుడు గోరువెచ్చని నీళ్లు గుడ్ల మీద పలచగా చిలకరించాలి. ఏడో రోజు రాత్రి చీకటి గదిలో టార్చిలైటు మీద గుడ్డును ఉంచి చూస్తే బతికి ఉన్నదానిలో సాలెపురుగు కాళ్ల లాంటి ఎర్రని నరాలు కనిపిస్తాయి, ఏమీ కనిపించనిది పట్టని గుడ్డు. ఇరవై ఐదో రోజు తరువాత గుడ్లను తిప్పకండి, ముట్టకండి. ఇంక్యుబేటర్ ఉన్నవారు ముప్పై ఏడున్నర డిగ్రీలు పెట్టుకొని, చివరి మూడు రోజులు తేమ పెంచాలి.

ఇక పిల్లలను వెచ్చగా సాకడం. మొదటి వారం ముప్పై రెండు డిగ్రీల వరకు వేడి ఉండాలి, తరువాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకొంటూ పోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, బల్బుకు దూరంగా నోళ్లు తెరిస్తే వేడి, గది అంతటా చెదిరి తింటూ ఉంటే సరిపోయింది. ఇక్కడ ఒక దుర్ఘటన చెప్పాలి. మా వీధిలో ఒక కుర్రవాడు అట్టపెట్టెలో పిల్లలను పెట్టి పైన ఎల్‌ఈడీ బల్బు వేలాడదీసి, వెలుగు బాగా వస్తోంది మాస్టారూ, పిల్లలు ఎందుకు వణుకుతున్నాయి అని అడిగాడు. ఎల్‌ఈడీ బల్బు వెలుగు ఇస్తుంది గానీ పిల్లను కాచేంత వేడి ఇవ్వదు. పాత గుండు బల్బు ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినచోట నాలుగు కొని దాచుకోండి. నేల మీద వార్తాపత్రికలు పరచవద్దు, నున్నటి కాగితం మీద పిల్లల కాళ్లు జారి చీలిపోతాయి. పత్రికలను ఇక్కడికి వచ్చి చదువుకొని, పెట్టెలో ఊక గానీ గోనెపట్టా గానీ పరచండి. నీళ్ల గిన్నె ముక్కు రంధ్రాలు మునిగేంత లోతుగా, ఒళ్లు మునగనంత ఇరుకుగా ఉండాలి. తల్లి బాతు సాకని పిల్ల ఒంటికి మొదట్లో నీళ్లను ఆపే నూనె పూత ఉండదు, ముచ్చటపడి దాన్ని తొట్టిలో వదిలితే తడిసి చలికి పోతుంది.

అధ్యక్షులవారు గడియారం చూపుతున్నారు. అయినా నేను వచ్చిన పని ఇంకా మొదలే కాలేదు కాబట్టి వారి క్షమాపణ కోరి, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొంటున్నాను.

పదమూడేళ్ల కిందట బెంగళూరు పక్కనున్న హెసరఘట్ట ప్రభుత్వ ఫారం నుంచి ఒక్క రోజు వయసున్న ఖాకీ పిల్లలను ఇరవై నాలుగింటిని రంధ్రాలు పొడిచిన అట్టపెట్టెలో పెట్టుకొని, రాత్రి బస్సులో ఒడిలో ఉంచుకొని తెచ్చాను. కండక్టరు పెట్టెకు టికెట్టు అడగలేదు, తోటి ప్రయాణికులు మాత్రం నిద్రపోలేదు. మొదటి వారంలో రెండు పోయాయి. మిగిలిన ఇరవై రెండూ బలంగా తింటూ, నేను నడిస్తే నా వెనుక వరుసగా నడిచేవి. రెండు వారాలు నిండేసరికి కొన్న మేత ఖర్చు చూసి నాలోని లెక్కల మాస్టారు మేల్కొన్నాడు. నూకలు, తవుడు ఇంట్లోనే ఉన్నాయి, మాంసకృత్తుల కోసం చెనక్కాయ చెక్క, అంటే వేరుశనగ గింజ నుంచి నూనె పిండగా మిగిలిన పిప్పి, కలిపితే సగం ఖర్చు మిగులుతుందని కాగితం మీద తేల్చాను. చెనక్కాయల జిల్లాలో ఉండి చెక్కకు వెనుకాడడమా అనుకొన్నాను.

ఆ ఏడు కాయ చివరి నెలలో వాన లేక ఎండి, పీకిన తరువాత కట్టెల మీద, అంటే కాయతో ఉన్న మొక్కల మీద, వాన పడి తడిసింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఒక వ్యాపారి దగ్గర చెక్క చవకగా ఉంటే ఒక బస్తా తెచ్చాను. ఆయన నన్ను మోసం చేయలేదు. "ఎద్దులు తింటాండాయి సార్, బాతులు తినవా?" అన్నాడు, అంతే. బస్తా విప్పగానే మా అమ్మ ఒక ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకొని, "ఏం నాయనా, ఇది ముక్కిన వాసనొస్తాండాది గదరా" అంది. నేను ఎండలో వేసి, దంచి, ఉడికించి పెట్టాను. నేను చదువుకొన్నవాడిని.

మూడో రోజు రెండు పిల్లలు మేత దగ్గరికి రాలేదు. నాలుగో రోజు కాళ్లు ఈడ్చాయి, తూలాయి. కొన్ని మెడను వెనక్కి విరుచుకొని కాళ్లు కొట్టుకొని పోయాయి. పాదాల మీద ఊదా రంగు మచ్చలు తేలాయి. చలి అనుకొని ఇంకొక బల్బు పెట్టాను, తెగులు అనుకొని మందు కలిపాను, ఇరుగమ్మ దిష్టి అంటే ఉప్పు మిరపకాయలు తిప్పించాను. మేత మాత్రం మార్చలేదు, బలహీనపడ్డాయి కదా అని చెక్క ఇంకాస్త ఎక్కువ కలిపాను. వారం తిరిగేసరికి ఇరవై రెండింటిలో పదిహేడు పోయాయి. పశువైద్యశాల డాక్టరు గారు ఒకదాన్ని కోసి, పాలిపోయి ఉబ్బిన కాలేయాన్ని చూపించి, "మాస్టారూ, మేత తెచ్చి చూపించండి" అన్నారు. చెక్కను చూసి ఇంకేమీ అడగలేదు.

ఆయన చెప్పిన పేరు పట్టుకొని నేను ఈ గ్రంథాలయానికే వచ్చాను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి, వాటితోపాటు బాతు పిల్లలూ పోయాయి. తీగ లాగితే అది బ్రెజిల్ నుంచి వచ్చిన చెనక్కాయ చెక్క దగ్గర తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చెక్కలో పెట్టిన విషానికి, ఆ బూజు పేరులోని అక్షరాలతోనే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఆ తరువాత ఏదైనా మేతలో ఆ విషం ఉందో లేదో తేల్చడానికి శాస్త్రజ్ఞులు దాన్ని ఒక్క రోజు బాతు పిల్లకు పెట్టి చూసేవారు, ఎందుకంటే కోడిపిల్ల తట్టుకొనే మోతాదులో చిన్న వంతుకే బాతు పిల్ల పడిపోతుంది. వాళ్లు ప్రయోగశాలలో చేసిన పరీక్షనే నేను డబ్బు పెట్టి నా పెరట్లో చేశాను.

అక్కల్లారా, మన నేలలోనే ఈ బాధ ఎక్కువ. గింజ ముదిరే నెలలో వాన లేకపోతే ఈ బూజు భూమిలో ఉండగానే కాయలోకి చేరుతుంది, పీకిన తరువాత తడి ఆరకపోతే పెరుగుతుంది. ముడతలు పడినదీ, రంగు మారినదీ, పగిలినదీ నూనె మిల్లుకు పోతుంది. గింజను పిండితే విషం చాలావరకు నూనెలోకి పోకుండా చెక్కలోనే మిగులుతుంది. ఎండబెడితే కొత్త బూజు పెరగదేమో గానీ ఉన్న విషం పోదు, ఇంటి పొయ్యి మీద ఉడికించినా పోదు. ఆ బస్తాలో మిగిలినదాన్ని మా గేదెకు పెడదామని నేను అన్నప్పుడు డాక్టరు గారు కోప్పడ్డారు. గేదె చావదు గానీ ఆ విషం రూపం మార్చుకొని పాలలోకి దిగుతుందట. ఆ పాలు తాగేది మా మనవరాలు. బస్తాను దూరంగా గుంట తీసి పూడ్చాను.

అందుకని నా మాట ఇది: రెండు నెలలు నిండేదాకా బాతు పిల్లలకు చెనక్కాయ చెక్క పెట్టనే వద్దు, ఎంత మంచిదని చెప్పినా వద్దు. నూకలు, తాజా తవుడు, సోయా చెక్క, తొట్టిలో పెంచిన అజొల్లా అనే నీటి మొక్క, దొరికితే ఎండుచేపల పొడి చాలు. బాతు పిల్లకు కోడిపిల్ల కంటే నియాసిన్ అనే విటమిన్ ఎక్కువ కావాలి, లేకపోతే కాళ్లు వంకర పోతాయి, తవుడులో అది బాగా ఉంటుంది. మేతను తడిపి పెట్టి, పక్కనే నీళ్లు ఉంచండి, పొడి మేత గొంతుకు అడ్డుపడుతుంది. మొక్కజొన్నకూ ఇదే బూజు పడుతుంది కాబట్టి పాతది కొనవద్దు. గుడ్ల గురించి ఒక్క మాట మరిచాను: బాతుగుడ్డును సగం ఉడికించి తినవద్దు, సొన గట్టిపడేదాకా ఉడికించండి.

మిగిలిన ఐదింటిలో మూడు పెట్టలు. అవి ఆలస్యంగా ఏడో నెలలో గుడ్డుకు వచ్చాయి. మొదటి గుడ్డును మా అమ్మ చేతిలో పెడితే ఆమె చెక్క మాట ఎత్తలేదు, "బరువుగుందిరా" అంది.

రెండు పొట్లాలు తెచ్చాను. ఒకదానిలో ఈ ఏటి మంచి చెక్క, ఇంకొకదానిలో ముక్కిన చెక్క ఉన్నాయి. ముందు వరుస నుంచి అందిస్తున్నాను, ఒక్కొక్కరూ వాసన చూడండి. వాసన లేనంత మాత్రాన మంచిదని నేను చెప్పడం లేదు, వాసన వచ్చినదాన్ని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ముక్కును పొట్లానికి మరీ దగ్గరగా పెట్టకండి, నోట్లో అసలే వేసుకోకండి. వెనుక కుళాయి దగ్గర సబ్బు పెట్టించాను.