పచ్చగా ఉన్న ఆకు పని చేస్తోందా?

వ్యాఖ్యాత: నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. ఈ రోజు అతిథి, డిగ్రీలో నాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడమ్. నేరుగా అడిగేస్తాను మేడమ్. భూమి మీది చెట్టూ చేమా కలిసి ఏడాదికి ఎంత కార్బన్‌ను గాలి నుంచి తీసుకుంటాయి?

అతిథి: 2010లో వచ్చిన ఒక అంచనా ప్రకారం సుమారు 12,300 కోట్ల టన్నులు. 2024లో వచ్చిన మరో అంచనా 15,700 కోట్ల టన్నులంటోంది.

వ్యాఖ్యాత: అంత తేడానా!

అతిథి: బొగ్గు, పెట్రోలు, గ్యాసు మండించి మనం ఏటా వదిలే కార్బన్ సుమారు 1,000 కోట్ల టన్నులు. ఈ రెండు అంచనాల మధ్య తేడా దానికి మూడు రెట్లకు పైనే. అయితే ఇది స్థూల లెక్క నాయనా. జీతం అందిన రోజే అద్దెకూ సరుకుల బాకీకీ పోయినట్టు, తీసుకున్న కార్బన్‌లో దాదాపు సగాన్ని మొక్క తన శ్వాసక్రియకే ఖర్చు పెడుతుంది. మిగిలిన దాంట్లోనూ చాలా భాగం, రాలిన ఆకు కుళ్లినప్పుడు మళ్లీ గాలిలో కలుస్తుంది. నిలిచేది కొంచెమే.

వ్యాఖ్యాత: ఇంతకూ ఇదంతా కొలిచేది ఎలా? ప్రతి చెట్టు దగ్గరికీ వెళ్లలేం కదా.

అతిథి: వెళ్లలేం. అందుకే ఉపగ్రహం. ఆకులోని పత్రహరితం ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని పరారుణ కాంతిని ఆకు నిర్మాణం వెనక్కి పంపుతుంది. ఆ రెండింటి తేడాను బట్టి పచ్చదనం తెలుస్తుంది. నాసా వారి టెర్రా ఉపగ్రహం మీదున్న మోడిస్ పరికరం 2000 నుంచి ఈ పని చేస్తోంది. ఆకులు పీల్చుకున్న కాంతి ఎంతో లెక్కగట్టి, దాన్ని కార్బన్‌గా మార్చే సామర్థ్యంతో గుణిస్తారు. చలి ఎక్కువైనా, గాలి పొడిబారినా ఆ సామర్థ్యాన్ని తగ్గిస్తారు. ఇలా లెక్కగట్టే పద్ధతినే మోడల్ అంటారు, దాని సారాంశం ఇదే.

వ్యాఖ్యాత: వినడానికి సులువుగానే ఉంది.

అతిథి: చిక్కంతా మన ఊళ్లలాంటి చోటే. ఏప్రిల్‌లో దామలచెరువు వైపు మామిడి తోటలోకి వెళ్లి చూడు. పొద్దున ఎనిమిదింటికి ఆకు పచ్చగా ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికీ అంతే పచ్చగా ఉంటుంది. కానీ నీళ్లు చాలక, ఎండకు తాళలేక, ఆకు అడుగున ఉన్న పత్రరంధ్రాలను చెట్టు చాలావరకు మూసేసుకుంటుంది. గాలి లోపలికి పోయే దారే లేనప్పుడు కార్బన్ ఎక్కడి నుంచి వస్తుంది? పచ్చదనం కొలిచే పరికరానికి మాత్రం రెండు పూటలా ఒకే ఆకు. పైగా నేను చెప్పిన ఆ లెక్క గాలిలో తేమను చూస్తుంది గానీ, నేలలో తేమను నేరుగా చూడదు.

వ్యాఖ్యాత: మరి ఆకు పని చేస్తోందో లేదో పైనుంచి తెలుసుకునే మార్గమే లేదా?

అతిథి: ఉంది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆకు పీల్చుకున్న కాంతిలో ఒకటి రెండు శాతాన్ని పత్రహరితం మళ్లీ సన్నని వెలుగుగా వదులుతుంది. కిరణజన్య సంయోగక్రియ తీరును బట్టి ఆ వెలుగు మారుతుంది. మన కంటికి ఆనదు. ఎండ వెలుగులో కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర సన్నని నల్లటి గీతలుంటాయి. అక్కడ సూర్యకాంతి తక్కువ కాబట్టి ఆకు వెలుగు బయటపడుతుంది. వాతావరణంలోని వాయువులను కొలవడానికి 2009లో జపాన్ పంపిన గోసాట్ ఉపగ్రహం సమాచారంతో, 2011లో ప్రపంచమంతటికీ ఈ వెలుగు తొలి పటాలు గీశారు. 2014లో వెళ్లిన నాసా ఉపగ్రహం ఓసీఓ-2 కూడా దీన్ని కొలుస్తోంది.

వ్యాఖ్యాత: అంటే సమస్య తీరిపోయిందా?

అతిథి: తీరలేదు. ఓసీఓ-2 సన్నని దారుల వెంబడే చూస్తుంది, మధ్యలో నేలంతా ఖాళీ. ఆ ఖాళీని మళ్లీ మోడలే నింపాలి. మబ్బులు మరో అడ్డు. ఈశాన్య రుతుపవనాలకు శేషాచలం కొండలు పచ్చబడే రోజుల్లోనే ఆకాశం మూసుకుపోతుంది. 2024 అంచనాకు వేరే ఆధారం వాడారు. కార్బొనిల్ సల్ఫైడ్ అనే వాయువు కూడా పత్రరంధ్రాల గుండానే లోపలికి పోతుంది, కానీ కార్బన్ డయాక్సైడ్‌లా శ్వాసక్రియతో తిరిగి రాదు. అందుకే ఆ వాయువు జాడ పట్టుకుని లెక్క కట్టారు.

వ్యాఖ్యాత: మన దేశం పచ్చబడిందని కొన్నేళ్ల కిందట వార్తల్లో చదివాం.

అతిథి: నిజమే, 2019లో వచ్చిన పరిశోధన అది. మన దేశంలో ఆ పెరుగుదల చాలావరకు పంట పొలాలది. వేరుశనగ పండి, కోసి, తినేస్తే ఆ కార్బన్ త్వరలోనే గాలిలో కలుస్తుంది. ఎర్రచందనం దుంగలో చేరినది దశాబ్దాలు నిలుస్తుంది. పటం మీద రెండూ పచ్చే.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఏం కావాలంటారు?

అతిథి: నేల మీద కొలతలు. చెట్ల తలలకన్నా ఎత్తుగా టవరు కట్టి, పైకీ కిందికీ కదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను సెకనుకు పది సార్లు కొలిచే పరికరాలున్నాయి. ఉపగ్రహం లెక్క సరిచూసుకునేది వాటితోనే. మన దేశంలో అవి తక్కువ. ఎండాకాలం ఆకు రాల్చే శేషాచలం లాంటి అడవుల్లో ఏళ్ల తరబడి కొలవాలి. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, శ్రీహరికోట మన జిల్లాలోనే ఉంది. ఇక్కడి పిల్లలకు ఈ పని దూరం కాకూడదు. మోడిస్ సమాచారం ఉచితం. ఉపగ్రహ పటంలో మీ తోట ఉన్న చదరాన్ని ఎంచుకుని, 2000 నుంచి దాని పచ్చదనానికి గీత గీసి, వాన కురవని ఏడాది అది ఎలా వంగిందో చూడమని మా విద్యార్థులకు చెబుతున్నాను. ఆ గీత తీసుకుని తోటలోకి వెళ్లి, ఆ ఏడాది కాపు ఎలా ఉందో రైతును అడగమనీ చెబుతున్నాను.