మున్సిపాలిటీని ప్రశ్న అడగొద్దు, కాగితం అడగండి

నమస్తే అండీ. స్క్రీన్ మీద ఉన్నది నేను పెట్టిన మొట్టమొదటి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద పెట్టే, దరఖాస్తు. చదువుతాను, వినండి. "మా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు ఆరు నెలలకే ఎందుకు పాడైంది? దీనికి బాధ్యులెవరు? వారి మీద ఏం చర్య తీసుకున్నారు?" ఏం రాశానురా అని అప్పట్లో నన్ను నేనే మెచ్చుకున్నాను. నెలాఖరుకి ఒక్క లైను జవాబొచ్చింది: "మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయ రికార్డులలో లేదు."

ఒళ్లు మండిపోయింది. కానీ తప్పు నాదే. "ఎందుకు పాడైంది" అనే కాగితం ఏ బీరువాలోనూ ఉండదు కదా! 2005 నాటి సమాచార హక్కు చట్టం మనకిచ్చింది ఆఫీసులో ఉన్న రికార్డు చూసే హక్కు. అధికారి చేత సంజాయిషీ రాయించుకునే హక్కు కాదు. 2011లో పరీక్ష జవాబు పత్రాల కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఉన్నది ఇవ్వాలి, లేనిది కొత్తగా తయారుచేసి ఇవ్వక్కర్లేదు అని.

సరే, అదే దరఖాస్తు ఇప్పుడు మళ్లీ రాద్దాం.

ముందు ఒక రోడ్డు వెనక ఏమేం కాగితాలు పుడతాయో చూడండి. పని మొదలవకముందే ఎస్టిమేట్ ఉంటుంది. తర్వాత టెండరు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు. పని జరిగాక ఎం-బుక్, అంటే మెజర్‌మెంట్ బుక్. రోడ్డు పొడవెంత, వెడల్పెంత, మందమెంత అని ఇంజనీరు కొలిచి రాసే పుస్తకం. అందులో ఎంత రాస్తే అంతకే బిల్లు. నన్నడిగితే మున్సిపల్ ఇంజనీరింగ్ సెక్షన్లో దీన్ని మించిన కాగితం లేదు. దరఖాస్తులో ఎం-బుక్ అనే మాట కనబడితే, ఇతనికి పని తెలుసురోయ్ అని అవతలివాళ్లకి అర్థమవుతుంది.

ఇదిగో కొత్త దరఖాస్తు. "ఫలానా వార్డు, ఫలానా వీధిలో, ఫలానా కూడలి నుంచి ఫలానా కూడలి వరకు, 2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 మధ్య వేసిన సిమెంటు రోడ్డుకు సంబంధించి ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్‌లో ఈ పనికి చెందిన పేజీలు, నాణ్యత పరీక్షల రిపోర్టులు, చెల్లించిన బిల్లులు, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు."

అంతే. చోటు, తేదీలు, కాగితం పేరు. కోపం లేదు, ఆరోపణ లేదు. మీకెందుకు కావాలి అని అడిగితే చెప్పక్కర్లేదు, సెక్షన్ 6(2) చదివి వినిపించండి.

ఎవరికి పంపాలి? పౌర సమాచార అధికారి, మీ మున్సిపల్ కార్యాలయం. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ కాగితం వేరే శాఖ దగ్గరుంటే 5 రోజుల్లోగా వాళ్లే అక్కడికి పంపాలి, అది సెక్షన్ 6(3). ఒక్క జాగ్రత్త. ఆన్‌లైన్ అనగానే చాలామంది కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్‌లో పెట్టేస్తారు. మున్సిపాలిటీ రాష్ట్రం పరిధిలోది. కేంద్రం పోర్టల్‌లో పెడితే దరఖాస్తు వెనక్కొస్తుంది, కట్టిన ఫీజు రాదు.

ఫీజు 10 రూపాయలు. నేను పోస్టల్ ఆర్డర్ జతచేసి స్పీడ్ పోస్టులో పంపుతాను. చేతికిస్తే రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. లేకపోతే రేపు రోజులు లెక్కపెట్టుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే ఫీజే లేదు.

ఇప్పుడు డేటా సంగతి. వార్డువారీగా వీధిదీపాల ఫిర్యాదులు కావాలనుకోండి. ముందు వెబ్‌సైట్ వెతకండి. సెక్షన్ 4 ప్రకారం ప్రతి కార్యాలయమూ ఎవరూ అడక్కుండానే 17 రకాల వివరాలు బయటపెట్టాలి. 2012 నుంచి కేంద్రానికి ఓపెన్ డేటా పోర్టల్, అంటే ప్రభుత్వ డేటా ఎవరైనా దించుకోగల వెబ్‌సైట్, ఉంది, తెలంగాణకి సొంతంగా ఒకటుంది. అక్కడ దొరికితే నెల రోజులు ఆగే పని తప్పుతుంది.

దొరక్కపోతే అడగండి, కానీ "ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలుగా" అని తప్పనిసరిగా రాయండి. సీఎస్‌వీ అన్నా ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలే. నేనొకసారి ఆ మాట మర్చిపోయాను. ఫైలు ప్రింటు తీసి, ఆ ప్రింటుని వంకరగా స్కాన్ చేసి, పీడీఎఫ్ పంపారు. అంకెలన్నీ కళ్లముందే ఉన్నాయి, ఒక్కటీ కాపీ అవదు. రెండు ఆదివారాలు కూర్చుని టైప్ చేశాను. సెక్షన్ 7(9) ఏమంటుందంటే, కార్యాలయానికి మరీ భారం కానంతవరకు అడిగిన రూపంలోనే ఇవ్వాలి అని. చట్టంలో ఫ్లాపీలు, వీడియో క్యాసెట్లు అని కూడా ఉందండీ! ఇప్పుడెవరూ అడగరనుకోండి, ఆ పక్కనే "మరే ఎలక్ట్రానిక్ రూపంలోనైనా" అని ఉంది, మనకి అది చాలు.

కావలసిన కాలమ్‌ల పేర్లు మీరే రాయండి. ఫిర్యాదు నంబరు, వార్డు, అందిన తేదీ, పరిష్కరించిన తేదీ. "ఫిర్యాదుదారుల పేర్లు, ఫోన్ నంబర్లు అవసరం లేదు, తీసేసి ఇవ్వగలరు" అని కూడా కలపండి. లేదంటే వ్యక్తిగత సమాచారం అని చెప్పి మొత్తం ఫైలు ఆపేస్తారు. ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతోంది.

గడువు 30 రోజులు. మధ్యలో పేజీకి 2 రూపాయల లెక్కన ఇంత కట్టండి అని ఉత్తరం రావచ్చు. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడువులో లెక్కకు రాదు, కాబట్టి నాన్చకుండా కట్టేయండి. గడువు దాటాక ఇస్తే కాపీలు ఉచితం. ఫైలు వందల పేజీలుంటే కాపీలు మానేసి, ఆఫీసుకొచ్చి చూస్తాను అని రాయండి. మొదటి గంటకి ఫీజు లేదు, కావలసిన పేజీలు గుర్తు పెట్టుకుని అవే తీసుకోవచ్చు. వాడిన సామగ్రి నమూనా కూడా చట్టప్రకారం అడగొచ్చు, ఇది చాలామందికి తెలియదు.

జవాబు రాలేదు, లేదా అరకొరగా వచ్చింది. 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకి 250 చొప్పున, 25,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మొదటి అప్పీలు మాత్రం వదిలిపెట్టకండి. అప్పీలు చేరగానే కదిలిన ఫైళ్లు నేను చూశాను.

ఇక నా రోడ్డు. రెండో దరఖాస్తుకి 43 పేజీలు వచ్చాయి, 86 రూపాయలు. ఇదిగో ఎం-బుక్ పేజీ, ఇక్కడ చూడండి, మందం 15 సెంటీమీటర్లు. ఇది రోడ్డు విరిగిన అంచు దగ్గర నేను టేపు పెట్టి తీసిన ఫొటో. పది కూడా లేదు. ఇక ఈ పేజీ అగ్రిమెంటులోది. 24 నెలల లోపు రోడ్డు పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. బాధ్యులెవరు అని నేను మొదట అడిగిన ప్రశ్నకి జవాబు మొదటినుంచీ ఈ పేజీలోనే ఉంది.

ఈ మూడూ జతచేసి మున్సిపల్ కమిషనర్‌కి రాసిన ఉత్తరం, కొత్త దరఖాస్తు నమూనా, రెండూ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. వార్డు, వీధి, తేదీలు మార్చుకుని వాడుకోండి.