ఏలిముద్ర ఎక్కడెయ్యాలి బాబూ?

శ్రోతలకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాస నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఒక పల్లె. అక్కడి బడికి హెడ్మాస్టరుగా వెళ్ళిన కొత్తలో తల్లిదండ్రుల కమిటీ సమావేశం పెట్టాను. ఉదయం పదకొండు గంటలకి. అజెండా నల్లబల్ల మీద రాయించాను, టీలు చెప్పాను. పదకొండున్నరకు ఒకే ఒక్క ఆమె వచ్చింది. మెట్ల దగ్గర చెప్పులు విడిచింది గానీ లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఏలిముద్ర ఎక్కడెయ్యాలి బాబూ?" అని అడిగింది.

కూర్చోమన్నాను. "కూకోడానికి లేదు బాబూ, జీడిపిక్కల కాడ సెప్పొచ్చాను. ఆలీసమైతే కూలి కోసెత్తారు" అంది. రిజిస్టరు ముందుకు జరిపాను. అప్పుడు చూశాను ఆమె వేళ్ళు. జీడిపిక్క పెంకులో సొన ఉంటుంది, తగిలిన చోటల్లా చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టిన ఆ వేళ్ళు నల్లబడి, గీతలు అరిగిపోయి ఉన్నాయి. రెండుసార్లు వేయించినా ముద్ర పడలేదు. సిరా మరకే పడింది. ఆమె వెళ్ళిపోయింది. ఆ మరక పక్కన "సమావేశం విజయవంతంగా జరిగినది" అని నేనే రాసుకున్నాను. ఉద్యోగంలో నేను రాసిన అబద్ధాల్లో అది మొదటిదేమీ కాదు.

చట్టం ఏమంటోందో ఒక్కమాట చెబుతాను. విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలని, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలని 21వ సెక్షన్ చెబుతుంది. బడి ఎలా నడుస్తోందో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎటు పోతోందో కనిపెట్టడం వాళ్ళ పని. ఈ లెక్కన గుమ్మంలో నిలబడ్డ ఆమె నా పని తనిఖీ చేయాల్సిన మనిషి. నేనేమో ఆమెను సిరా ప్యాడ్ కోసం పిలిపించాను.

ఆ ఊరివాళ్ళను తప్పుపట్టడానికి లేదు. అప్పటిదాకా బడి నుంచి ఇంటికి కబురు వెళ్ళిందంటే రెండే కారణాలు. మీ వాడు అల్లరి చేస్తున్నాడు, లేదంటే ఆధార్ జిరాక్స్ తీసుకురండి. అలాంటి కబురు అందుకుని పని మానుకుని ఎవరొస్తారు?

వేళ మార్చాను. రాత్రి ఏడున్నరకు, రామమందిరం అరుగు మీద. మొదటి రాత్రి ఐదుగురు వచ్చారు. అందులో ఇద్దరు కరెంటు పోయి ఉక్కపోతకు బయటికొచ్చినవాళ్ళు. ఎవరో మర్యాదకు నాకు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు, నేను అందులో కూర్చుని అరగంట ఉపన్యాసం దంచాను. అందరూ తలలూపి వెళ్ళిపోయారు. మరుసటి నెల కుర్చీ వద్దని అరుగు మీదే కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడానికి నాకు చాలా కష్టమైంది. బడిపంతుళ్ళ జబ్బు అది, మీకు తెలుసు. ఇక మా టీచర్లలో ఇద్దరు పలాస నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళు. ఆఖరి బస్సు పోతుందని వాళ్ళ టెన్షన్ వాళ్ళది. "మీరు హీరో అయిపోడానికి మేం ఇబ్బంది పడాలా సార్?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. అడగాల్సిన మాటే. నెలకొక్క రాత్రి, అదీ వంతులవారీగా, దిగబెట్టడానికి ఊళ్ళోవాళ్ళ ఆటో ఉంటుంది అనుకున్నాక ఒప్పుకున్నారు.

ఇక్కడ గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పుకోవాలి. 1863 ఆగస్టు 29న మన శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టూ కొండల్లో సవర గిరిజనులు. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తనకు వాళ్ళ మాట రావాలని, సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. మనం ఏం చేస్తున్నాం? ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తాం. అదే రోజు స్టాఫ్‌రూములో ఒక తల్లి "నాను రేపు రాలేనండి" అంటే కిసుక్కున నవ్వుతాం. మా బడిలో అలాగే జరిగింది. నవ్వింది కుర్ర టీచరు, ఊరుకున్నది నేను. ఆమె ఆ ఏడాదంతా మళ్ళీ బడి ముఖం చూడలేదు. అప్పటి నుంచి అరుగు మీద నేనూ "ఏటి, ఎవులు" అనే మాట్లాడాను. నా ఇంటి మాటే కదా, బీఈడీ చదివేటప్పుడు దాచిపెట్టుకున్నాను అంతే.

ఇంకొక తప్పు చెప్పాలి. ఏడో తరగతి కుర్రాడు వారానికి రెండు రోజులు రావడం లేదు. ఒకసారి ఆ తండ్రి కనిపిస్తే పదిమందిలో కడిగేశాను. "కొడుకుని పనికి పంపుతున్నావా, సిగ్గు లేదా?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. తలపాగా తీసి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయనకు కిడ్నీలు పాడయ్యాయని, వారానికి రెండుసార్లు పలాసకు డయాలసిస్‌కు వెళ్తాడని, తిరిగొచ్చేటప్పుడు కళ్ళు తిరుగుతాయని కొడుకుని తోడు తీసుకెళ్తున్నాడని నాకు వంట చేసే ఆవిడ చెప్పింది. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో ఉద్యోగం చేస్తూ ఆ అనుమానం నాకు రాకపోవడం ఏమిటి? వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాను. కుర్రాడికి పోయిన పాఠాలు సాయంత్రం చెప్పేలా ఏర్పాటు చేశాం. తండ్రి మాత్రం మళ్ళీ ఏ సమావేశానికీ రాలేదు.

మన జిల్లాలో ఇంకో చిక్కుంది. తల్లిదండ్రుల సమావేశం అంటాం గానీ, ఊళ్ళో తండ్రులు ఎంతమంది ఉంటారు? చెన్నైలోనో హైదరాబాదులోనో బిల్డింగ్ పనుల్లో ఉంటారు. తీరం వెంబడి ఊళ్ళవాళ్ళైతే గుజరాత్‌లో వేరావల్ పోయి బోట్లెక్కుతారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర, నాన్నమ్మల దగ్గర. ఆ ముసలమ్మలకు చదువు రాదు. "నాకేటి తెలుస్తాది మాస్టారూ, వాడు సదువుతున్నాడో నిద్రోతున్నాడో" అని ఒక నాన్నమ్మ అంది. చదవడం రాకపోయినా వినడం వచ్చు కదా అనిపించింది. మూడో తరగతి నుంచి పిల్లలకు ఒక పని పెట్టాం. రోజూ రాత్రి ఇంట్లో పెద్దవాళ్ళకు పది వాక్యాలు గట్టిగా చదివి వినిపించాలి. ఎక్కడా ఆగకుండా చదివితే నాన్నమ్మ ఒక చింతపిక్క డబ్బాలో వేస్తుంది. ఆగితే వేయదు. నెలాఖరుకు డబ్బాలు అరుగు మీదికి రావాలి.

నేను రాసిన ఏ ప్రోగ్రెస్ కార్డునూ ఆ ఊళ్ళో అంత శ్రద్ధగా చూడలేదు. మనవడు బతిమాలుకున్నా ఒక్క పిక్క ఎక్కువ వేయని ముసలమ్మలు ఉన్నారు. రెండు నెలలయ్యాక ఒకావిడ డబ్బా నా ముందు బోర్లించి, "ఏడే ఉన్నాయి. మీరేటి సెప్తున్నారు బడిలో?" అని నిలదీసింది. లెక్క నా మీదికే తిరిగింది! ఊళ్ళో లేని తండ్రులకు వాట్సాప్‌లో పిల్లల చదువు రికార్డు చేసి పంపడం తర్వాత మొదలైంది. అది మా ఆలోచన కాదు, ఆరో తరగతి పిల్లది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ రాత్రి ముందే బడి తాళాలు తీశాం. కరెంటు లేని రోజులన్నీ సగం ఊరు తరగతి గదుల్లోనే వండుకు తింది. గోడలకు మసి పట్టింది. వెళ్ళేముందు ఆడవాళ్ళే సున్నం కలిపి వేశారు, ఎవరూ అడగలేదు.

2019 నవంబరు 14న ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడు పనులు కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీల చేత చేయించారు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకోవడానికి రోజూ బడికి వచ్చిన తల్లులను చూశాను. గొడవలూ చూశాను. రెండు వర్గాలు లేని ఊరు మన వైపు ఎక్కడుంది? చైర్మన్ ఒక వీధివాడైతే రెండో వీధి అలుగుతుంది. ఒక నెల ఈ వీధి అరుగు, ఒక నెల ఆ వీధి అరుగు అన్నాం. పూర్తిగా తగ్గలేదు, నడిచింది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. పండగలా జరిగింది, బాగుంది. పండగ మర్నాడు ఎవరొస్తారన్నదే నా బెంగ.

జీడిపిక్కల ఆమె గురించి చెప్పి ముగిస్తాను. రాత్రి సమావేశాలకు ఆమె వెనక వరసలో కూర్చునేది, మాట్లాడేది కాదు. ఒక రాత్రి నేను ఎనిమిదో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం తర్వాత బడి మానేస్తున్నారని, ఇంట్లో శ్రద్ధ లేదని చదువుతున్నాను. ఆమె అడ్డుపడి, "మరుగుదొడ్డికి గడియ లేదు కదా బాబూ, ఆ పిల్లలు ఇంటికెల్లి మరి రారు" అంది. రోజూ ఆ తలుపు ముందు నుంచే నడిచేవాణ్ణి నేను.

ఆ రాత్రి మాటల్లో పడి సంతకాల రిజిస్టరు తీయడమే మర్చిపోయాను. పొద్దున్నకల్లా ఫొటో తీసి మండలానికి పంపాలి. తెల్లారి ఇంటింటికీ తిరిగాను. ఆమె పనికి బయల్దేరుతోంది. రిజిస్టరు తెరిచి సిరా ప్యాడ్ చాపాను. ఆమె చేయి చాపలేదు.

"ముందు సదివి ఇనిపించండి" అంది.

గుమ్మంలో నిలబడి తీర్మానాలన్నీ చదివాను. అంతా విని, "గడియ మాట రాయలేదేటి?" అంది. పెన్ను తీసి అక్కడే రాశాను. మళ్ళీ చదవమంది.